సున్నా పెట్టని చోట

మావయ్యకి గొంతు పోయింది. పోవడానికి ఇంకెవరి గొంతూ దొరకలేదా అని వీధి వీధంతా అనుకుంది. ఎందుకంటే మావయ్య డ్రైవింగ్ నేర్పిస్తారు. పక్క సీట్లో కూర్చుని క్లచ్చు, క్లచ్చు, అమ్మా అది క్లచ్చు కాదు అని ఆయన అరుస్తుంటే అవతలి వీధిలో ఎవరి పని మీద వాళ్ళు పోతున్నవాళ్ళు కూడా క్లచ్చు తొక్కేసేవాళ్ళు. నేర్చుకోడానికొచ్చినవాళ్ళు ఆయనకి హారన్ మాస్టారని పేరు పెట్టుకున్నారు. గొంతులో గడ్డ వచ్చింది, ఆపరేషన్ చేశారు, గడ్డ పోయింది, హారనూ పోయింది.

జబ్బు మళ్ళీ రాదు, ప్రాణానికి ఇక ఢోకా లేదు అని డాక్టరుగారు చెప్పారు. ఇంకో ఆపరేషన్ చేస్తే బొంగురుగానైనా మాట రావచ్చని కూడా చెప్పారు. అయితే అది తేడా కొడితే మింగడం పోతుంది, ఇక బతికున్నన్నాళ్ళూ తిండి నోటితో కాదు, గొట్టంతోనే. చేయించుకోవాలా వద్దా అన్నది మావయ్యే తేల్చుకోవాలి, ఎవరూ తొందరపెట్టకూడదు అన్నారు.

ఎవరూ అని అన్నారు కానీ మా అత్తయ్య అని అనలేదు కదా. అత్తయ్య బట్టలు కుడుతుంది. నోరు కూడా కత్తెరలాగే ఆగకుండా ఆడుతుంది. ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ మావయ్యకి మాట వచ్చేస్తోందని చెప్పేసింది, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళతో సహా. చేయించుకుంటారు కదండీ అని పొద్దున అడిగేది, సాయంత్రం అడిగేది. ఆయన తల ఊపేవారు. ఆవిడ కళ్ళలో ఆ వెలుగు చూస్తే ఎవరైనా తల ఊపుతారు, నేనూ ఊపాను.

ఇంతలో నా మిషన్. నాకు చిప్పుల పిచ్చి. అందుకే మావయ్య నన్ను చిప్పూ అని పిలిచేవారు, గొంతున్నప్పుడు. ఆయన చేతిరాత మందుల షాపువాళ్ళకి కూడా అర్థం కాదు. ఫోన్లో కొడదామంటే ఆయన బొటనవేలు ఒకేసారి మూడక్షరాల మీద పడుతుంది. అందుకని ఒక పాత లిఫ్టు బోర్డులోంచి చిప్పు పీకి, పెద్ద పెద్ద మీటలు పెట్టి, ఒక డబ్బా చేశాను. మీటలు మావయ్య వైపు, తెర ఎదుటివాళ్ళ వైపు. ఆయన కొట్టుకుంటారు, చూపించు అనే మీట నొక్కుతారు, అప్పుడు అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తాయి.

ఆ చిప్పులో చోటు చాలా తక్కువ, అందుకని మొత్తం అసెంబ్లీలోనే రాశాను. (అబద్ధం. చోటున్నా అసెంబ్లీలోనే రాసేదాన్ని.) అసెంబ్లీ అంటే చిప్పుతో దాని సొంత భాషలోనే మాట్లాడటం. వాక్యమంటే దానికి తెలీదు. మాటంటే తెలీదు. దానికి తెలిసిందల్లా గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కటే, అక్షరానికో గడి, దీర్ఘానికో గడి, కొమ్ముకో గడి. గడిలో ఉన్నది తీసుకో. అది సున్నానా చూడు. సున్నా అయితే ఆగిపో. కాకపోతే తెర మీద పెట్టు, పక్క గడికి జరుగు, మళ్ళీ మొదలెట్టు. అంతే, ఇదే తిరగలి. మాట చివర ఆ సున్నా ఉంటేనే దానికి ఆగడం తెలుస్తుంది. లేకపోతే పక్క గడిలో ఏది దొరికితే అది చదువుకుంటూ పోతుంది, ఎప్పటిదైనా, ఎవరిదైనా.

తుడుపు మీట కూడా పెట్టాను. అది నిజంగా తుడవదు. అన్ని గళ్ళూ కడుగుతూ కూర్చోడం ఎందుకని మొదటి గడిలో ఒక్క సున్నా పెట్టించాను. తెర వచ్చి చూస్తుంది, మొదట్లోనే సున్నా, ఏమీ లేదనుకుని వెళ్ళిపోతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. చివర్లో, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే, ఇంకో ముచ్చట చేర్చాను. అవును, కాదు, అలాగే, నీళ్ళు, ఫ్యాన్ ఆపు, వీటికి ఒక్కో రంగు మీట. ఒక్కటి నొక్కితే మాట మొత్తం వచ్చేస్తుంది. డబ్బా ఆపాను, వేశాను, అవును నొక్కాను, వచ్చింది. ఆపాను, వేశాను, అలాగే నొక్కాను, వచ్చింది. మిగతావీ ఇదే పద్ధతిలో చూశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చున్నాం. అత్తయ్య పక్కనున్న ఆవిడతో మావయ్య గొంతు కథ మొదలుపెట్టింది. మావయ్య డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏదో కొడుతున్నారు. చాలాసేపు కొట్టారు. కొత్త మీటలతో ఆడుకుంటున్నారేమో అనుకుని నేను లోపల్లోపల గంతులేస్తున్నాను. చూపించు నొక్కుతారేమోనని తెర వైపు వంగాను కూడా. నొక్కలేదు. అత్తయ్య వైపు ఒకసారి చూసి తుడుపు నొక్కేశారు. అప్పుడే లోపలికి రమ్మన్నారు.

డాక్టరుగారి బల్ల మీద ప్లాస్టిక్ గొంతు ఒకటుంది, రెండు చెక్కలుగా విడిపోతుంది. ఆవిడ దాన్ని తెరిచి మళ్ళీ మొత్తం చెప్పారు, ఎక్కడ కోస్తారు, ఏది అటూ ఇటూ అయితే ఏమవుతుంది. అత్తయ్య ప్రతి మాటకీ ఊఁ కొట్టింది, మింగడం గురించి చెప్పినప్పుడు తప్ప. అప్పుడు సంచి జిప్పు సర్దుకుంది. డాక్టరుగారు మావయ్య వైపు తిరిగారు. భార్య చెప్పిందనో ఇంకెవరో అన్నారనో కాదు, మీ అంతట మీరు చెప్పండి, మీరు సరేనంటేనే తేదీ వేస్తాను అన్నారు.

మావయ్య డబ్బాని బల్ల మీద పెట్టి తెర వాళ్ళ వైపు తిప్పారు. ఆకుపచ్చ మీట నొక్కారు. అది అలాగే అనే మీట.

తెర మీద అ వచ్చింది. ల వచ్చింది. దీర్ఘం పడింది, గే వచ్చింది. అత్తయ్య చెయ్యి అప్పటికే గుండె మీదికి వెళ్ళిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేనైతే చప్పట్లు కొట్టబోయాను, నా మీట పనిచేసింది కదా.

తెర ఆగలేదు.

వ వచ్చింది. ద వచ్చింది. కింద వత్తు పడింది. ముందు నాకు తట్టింది నా పరువే, నిజంగా అదే, డాక్టరు ముందు నా డబ్బా పిచ్చిరాతలు రాస్తోందని. కొమ్ము పడింది. చుక్క పడింది. "అలాగేవద్దు." అని తెర మీద నిలబడి ఉంది, ఇంకా వస్తోంది. భ. య. పక్కన నిండుసున్న. డాక్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. అత్తయ్య పెదవులు ఒక్కో అక్షరాన్నీ పలుకుతున్నాయి, ఒకటో తరగతి పిల్లలా.

అప్పుడు అర్థమైంది నాకు. రంగు మీట నొక్కితే మాటని ఒక్కో అక్షరం చొప్పున ఆయన కొట్టే గళ్ళలోకే మోసే తిరగలి ఒకటి రాశాను కదా, అందులో సున్నా కనబడగానే బయటికొచ్చేయమన్నాను. ఆ సున్నాని కూడా మోసుకెళ్ళి పెట్టి అప్పుడు రమ్మనాలి. ముందు పెట్టి తర్వాత చూడాల్సింది, ముందు చూసి వచ్చేసింది. ఇంట్లో ప్రతిసారీ ఆపి వేశాను కాబట్టి గళ్ళన్నీ ఖాళీగా, సున్నాలతో ఉన్నాయి, ఎక్కడ ఆగినా ఆగినట్టే ఉంది. ఇక్కడ గళ్ళు ఖాళీగా లేవు. బెంచీ మీద ఆయన కొట్టి తుడిచేసిందంతా లోపలే ఉంది. తుడవలేదు కదా, మొదట్లో ఒక్క సున్నా పెట్టింది అంతే, ఆ సున్నా మీద ఇప్పుడు అలాగే అన్న మాట ఎక్కి కూర్చుంది.

అంటే ఇది పిచ్చిరాత కాదు. ఇది మావయ్య మాట.

డబ్బా పక్కనే స్విచ్చు. నా చెయ్యి దాని మీదే ఉంది. ఒక్క నొక్కు, అంతే, తెర నల్లగా అయిపోతుంది, అలాగే అన్న మాట ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. తెర మాత్రం నా కోసం ఆగడం లేదు, గా వచ్చింది, ఖాళీ వచ్చింది, ఉంది వచ్చింది. మావయ్యకి తెర కనబడదు. ఆయనకి మా మొహాలే కనబడుతున్నాయి. నవ్వుతూ కూర్చున్న మనిషి మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూసి నవ్వు ఆపేశారు. నా వేలు కదల్లేదు. కదల్చలేదో, కదల్లేదో, ఇప్పటికీ తెలీదు.

"అలాగేవద్దు. భయంగా ఉంది. దానికి చెప్పలేను"

అక్కడ ఆగింది.

దానికి అంటే ఎవరికో అక్కడున్న అందరికీ తెలుసు. అత్తయ్య నోరు తెరిచింది, మాట రాలేదు. కత్తెర లాంటి మా అత్తయ్యకి.

చివరికి నా వైపు తిరిగింది. "ఏంటే ఇది? నీ డబ్బా దానంతటదే రాసిందా?"

మావయ్య నా వైపు చూశారు. తెర చూడకుండానే ఆయనకి అంతా తెలిసిపోయింది. కళ్ళతోనే బతిమాలుతున్నారు, అవునను, మిషన్ చెడిపోయిందను అని. అది అబద్ధం కూడా కాదు. మిషన్ చెడిపోయింది, చెడగొట్టింది నేనే. ఆ ఒక్క ముక్క అంటే ఆయన దాచుకున్నది దాగే ఉంటుంది, తేదీ పడుతుంది, ఆపరేషన్ అయిపోతుంది, బాగా అయితే అందరం సంతోషం, బాగా కాకపోతే.

"తప్పు నాదే అత్తయ్యా, ఆగాల్సిన చోట ఆగలేదు," అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "కానీ అది మాటలు పుట్టించదు. లోపల ఉన్నదే చదువుతుంది."

అత్తయ్య డబ్బాని రెండు చేతులతో పట్టుకుని మావయ్య వైపు తిప్పింది. ఆయన తన మాట తాను చదువుకున్నారు. మొదట ఆయన "నాకు" అని కొట్టి ఉంటారు, అది మాత్రం లేదు, దాని మీదే "అలాగే" పడింది. మిగతాదంతా ఉంది.

"మీరేనా రాసింది?" అని అడిగింది.

మావయ్య వేలు అలవాటుగా ఎర్ర మీట మీదికి వెళ్ళింది. అది అవును. తెర మీద అవును వచ్చింది, దాని వెనకే మళ్ళీ మొత్తం వచ్చింది, వద్దు, భయంగా ఉంది, దానికి చెప్పలేను. ఉత్త అవును అనడానికి కూడా నా డబ్బా ఆయనకి వీలివ్వలేదు. ఆయన చేతులు ఒళ్ళోకి తీసేసుకున్నారు.

డాక్టరుగారు డబ్బాని మెల్లిగా పక్కకి జరిపారు. "దీన్ని వదిలేద్దాం. తలతో చెప్పండి. ఆపరేషన్ కావాలా?"

ఇన్నాళ్ళూ పైకీ కిందికీ ఆడిన తల అడ్డంగా ఆడింది. చిన్నగా. తర్వాత గట్టిగా, ఆపకుండా, ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టు. డాక్టరుగారు ప్లాస్టిక్ గొంతు రెండు చెక్కలూ మూసేసి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మనసు మారితే ఎప్పుడైనా రావచ్చు, మారకపోతే రానక్కర్లేదు అని చెప్పారు. ఇంకా ఏవో చెప్పారు, నాకు వినబడలేదు.

వరండాలో అత్తయ్య ముందు నడిచింది, మేం వెనక. మెట్ల దగ్గర ఆగిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మొహం మాత్రం ఇస్త్రీ పెట్టె పెట్టినట్టు ఏమీ లేకుండా ఉంది, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"గొంతు మీకోసం అనుకున్నాను," అంది. "నాకోసమే అడిగినట్టున్నాను. ఇంట్లో నా కుట్టుమిషన్ చప్పుడు ఒక్కటే వినలేక చస్తున్నాను. అయినా పాతికేళ్ళు నామీద అరిచిన మనిషికి నాతో ఒక్క ముక్క చెప్పడానికి భయమేంటండీ?"

మావయ్య డబ్బా తీసుకుని మెట్టు మీదే కూర్చున్నారు. రంగు మీటల జోలికి పోలేదు. ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టారు, చూపించు నొక్కారు. కొడుతుంటే సున్నా సరిగ్గానే పడుతుంది, ఆ భాగం నేను మొదట్లో రాసింది. తెర మీద "నీ మొహం చూసి" అని వచ్చింది. ఆగింది.

అత్తయ్య ఆ మూడు మాటలనీ చాలాసేపు చూసింది. తర్వాత ఆయన పక్కనే, వచ్చేపోయేవాళ్ళకి దారి లేకుండా, మెట్టు మీద కూలబడింది. ఇకమీదట తను అడిగేటప్పుడు వేరే వైపు తిరిగి అడుగుతానంది, ఆ మొహం అంత పాడుదైతే. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చప్పుడు లేకపోతే తెలీదు, వెనకనుంచి అసలే తెలీదు.

ఆయన ఇంకోసారి కొట్టారు. ఈసారి నాకోసం, తెర నా వైపు పెట్టి. "చిప్పూ నువ్వు ఆపాల్సింది"

క్షమించమని అడగాలా, వద్దా. ఆయన నా జవాబు కోసం చూడకుండా తుడిపేసి, మళ్ళీ కొట్టారు. "ఆకలేస్తోంది"

కింద క్యాంటీన్‌లో బన్ను తెచ్చుకున్నారు. టీలో ముంచి, చిన్న ముక్క కొరికి, నెమ్మదిగా నమిలారు. అత్తయ్య తన కప్పు ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. ఆయన మింగారు. మేమిద్దరం ఆ గొంతు పైకి లేచి కిందికి దిగడం చూస్తూ ఉండిపోయాం. ఆయన మా ఇద్దరినీ చూసి, ఏంటన్నట్టు చెయ్యి తిప్పి, ఇంకో ముక్క ముంచారు.