నేను మింగిన ప్లాటినం

నేను ఒక రాగి ఎలక్ట్రోడ్‌ని. ఆ మాటలో కూడా సగమే నిజం, వినండి.

చిటికెనవేలి గోరంత రేకును. ఒంటినిండా వెంట్రుకలో వెయ్యో వంతు మందం ముళ్లు. యూనివర్సిటీ ల్యాబ్‌లో నన్ను తయారుచేసినవాడు ఇమ్మానుయేలు అనే రీసెర్చ్ స్కాలర్. ఆమ్లంలో ముంచి కరెంటిస్తే నేను హైడ్రోజన్ బుడగలు తీయాలి. ఈ పనిలో ప్లాటినం ఘనాపాఠీ, కాని బంగారమంత ఖరీదు. రాగితోనే ఆ పని చేయించాలని ప్రొఫెసర్ పరబ్రహ్మం గారి పంతం.

మొదట్లో నేను ఒట్టి సోమరిని. ఒక్క బుడగ రావడమే గగనం. ఒకరోజు ఆమ్లంలో నాకెదురుగా ఉండి, కరెంటుకు రెండో కొసగా పనిచేసే గ్రాఫైట్ కడ్డీ విరిగింది. కొత్తది వచ్చేదాకా ఆగే ఓపిక మనుషులకెక్కడిది! ఇమ్మానుయేలు దాని చోట ప్లాటినం తీగ పెట్టాడు. ఆ సంగతి నోట్‌బుక్‌లో రాయడం మరిచాడు. తీగ రవ్వంత రవ్వంత కరిగి, వచ్చి నా ముళ్లకు అంటుకునేది. నేను కిమ్మనకుండా మింగాను.

వారం తిరిగేసరికి బుడగలే బుడగలు! మైసూర్‌పాక్ పంచారు. మెషీనుకు కుంకుమబొట్టు పెట్టారు. తీగ ఎంత అరిగిందో తూచాలని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. పేపరు అచ్చయింది, ఇమ్మానుయేలు ఉద్యోగానికి వెళ్లాడు, నేను అద్దాల బీరువా ఎక్కాను. సిగ్గులేనిదాన్ని, పొగడ్తలకు పొంగిపోయాను కూడా.

తర్వాత పుష్పలీల వచ్చింది. నాలాంటివి మళ్లీ చేసి చూపిస్తేనే ఆ అమ్మాయికి పీహెచ్‌డీ. పద్ధతి తప్పని మనిషి. కొత్త గ్రాఫైట్ కడ్డీ తెప్పించుకుని మరీ మొదలుపెట్టింది. మూడేళ్లలో పన్నెండు చేసింది. పన్నెండూ అచ్చం నా మొదటి రోజుల్లాగే సోమరులు.

"ఏంటమ్మా ఇది! మళ్లీ అంతేనా?" అన్నారు ప్రొఫెసర్.

"నోట్‌బుక్‌లో ఉన్నట్టే చేశాను సార్."

"మరి అతనికెలా వచ్చింది? నీ చేతిలోనే ఏదో లోపం."

ఛీ! ఆ మాట పడాల్సింది నేను. నోరుంటే బీరువా అద్దాలు పగిలేలా అరిచేదాన్ని. లేదు. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను.

మొన్న శుక్రవారం ఆమె చదువు మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయింది. వెళ్లేముందు తను చేసిన పన్నెండింటినీ చెత్తడబ్బాలో పడేసింది. అబద్ధమాడనివి అవే. నన్ను మాత్రం బీరువాలోంచి తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తటి కాగితంతో తడి అద్దింది.

"నీలాంటిదాన్ని ఒక్కదాన్నైనా చెయ్యలేకపోయాను తల్లీ," అంది. "నన్ను క్షమించు."