బరువు లేని వరుసలు

పొద్దున లేవగానే కోడలు కంప్యూటరు కింద ఊడ్చేది. ఇంటర్నెట్టు తీగ వెంట వచ్చింది ఏదైనా ఆ ఊళ్లో తెర మీద నుంచి జారి కింద పడుతుంది. ప్రకటనల బొమ్మలైతే మరీను, చెత్తబుట్టెడు పొట్టు. మనిషి చేత్తో రాసిన మాటకు మాత్రం గులకరాయంత బరువుండేది.

తుఫాను వచ్చి వెళ్లాక ఆమె ఊడవడం కూడా మానేసింది. ఆమె భర్త సముద్రం మధ్య లైట్‌హౌస్‌లో ఒంటరి కాపలా మనిషి. ఫోను పలకడం లేదు. పడవ పంపమని రోజూ రేవు అధికారి కాళ్లావేళ్లా పడుతోంది.

"దీపం వెలుగుతోంది, గాలి పడమర అని లైట్‌హౌస్ పేజీలో రోజూ రాస్తూనే ఉన్నాడమ్మా. బాగున్నవాడికి పడవెందుకు?" అంటాడాయన.

ఆ పేజీ ఇంట్లో తెరుచుకోదు. ఎందుకో చెబుతాను, కష్టమేం కాదు. మన మామూలు ఇంటర్నెట్టు లారీలు తిరిగే రోడ్డు. లైట్‌హౌస్ దాకా ఉన్నది కాలిబాట, పేరు జెమిని. బొమ్మలు దాని మీద నడవలేవు, అక్షరాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. అందుకని అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజరు ఒకటి పెట్టుకోవాలి. 'జెమిని అని మొదలయ్యే చిరునామా వస్తే ఫలానా చిన్న ప్రోగ్రామును అడుగు' అని దాని సెట్టింగుల ఫైల్లో ఒక వరుస రాయాలి. అంతే.

కోడలు రాసింది. తెరుచుకోలేదు. మళ్లీ రాసింది.

"దాన్ని బతిమాలుతున్నావా, తిడుతున్నావా?" అంది పక్క కుర్చీలోంచి అత్తయ్య.

"రెండూ అయ్యాయత్తయ్యా. ఇక ఏడవడమే మిగిలింది."

ఫైల్లో ఉన్న నమూనా వరుసను ఎత్తి రాసేటప్పుడు దాని ముందున్న హ్యాష్ (#) గుర్తునూ ఎత్తి రాసిందని అప్పుడు కనబడింది. ఆ గుర్తున్న వరుస మనుషులు చదువుకోవడానికి. యంత్రం దాన్ని దాటేసి పోతుంది. చెరిపేసింది.

పేజీ తెరుచుకుంది. వరుసలు టేబుల్ మీద రాలాయి. అత్తయ్య అరచేయి పట్టింది.

"తుఫానుకు ముందువి వాడివే. చేతికి తగులుతున్నాయి. మరి ఇవేంటే, ఊదితే పోయేట్టున్నాయి?"

దీపం వెలుగుతోంది. గాలి పడమర. దీపం వెలుగుతోంది. గాలి పడమర. అక్కడి యంత్రం తనంతట తానే కొలిచి పేజీలో వేస్తోంది. వెనక రాసే చెయ్యి లేదు.

"పోయాడనేగా?" అంది అత్తయ్య.

"అనకండత్తయ్యా."

"నేనంటే పోతాడా, అనకపోతే ఉంటాడా! గిన్నెల్లోకి ఎత్తు. పద."

రేవు ఆఫీసులో పార్సిళ్లు తూచే కాటా ఉంది. కోడలు పాత వరుసలు పోసింది. ముల్లు కదిలింది. వాటిని తీసి కొత్తవి పోసింది. ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

అధికారి ముల్లును వేలితో తట్టి చూశాడు. "ఇక్కడ తెర కింద రోజూ గంపలకొద్దీ పడుతుంది. ఊడ్చి పారేస్తాం. ఎవరు తూస్తారమ్మా?" అన్నాడు. తర్వాత ఫోనెత్తి పడవకు చెప్పాడు. "ఆశ మాత్రం పెట్టుకోకండి."

"ఎక్కడుంది నాయనా, పెట్టుకోవడానికి!" అంది అత్తయ్య.

సాయంత్రానికి పడవ తిరిగొచ్చింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ దించుతున్నారు. దాని మీద దుప్పటి. కోడలు రేవు మెట్ల దగ్గరే ఆగిపోయింది. అత్తయ్యే గోడ పట్టుకుంటూ వెళ్లి వంగి చూసింది.

"మొహం మీద కప్పారా?" అని కోడలు ఇక్కణ్నుంచే అరిచింది.

"మెడ దాకానే," అంది అత్తయ్య. "నీళ్లడుగుతున్నాడు."