ఇంటి ముక్కు

"ఇది ఇంకో రోజు ఆగుతుందా చూడు," అంటూ ఆయన నిన్నటి చొక్కా తెచ్చి ఆమె మొహానికి ఆనించాడు. ఆమె చేతులు గిన్నెల సబ్బులో ఉన్నాయి. వాసన చూస్తున్నట్టు కళ్లు మూసుకుని, "ఆగుతుందండీ," అంది.

నిజానికి ఆమె ముక్కు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. తీర్పులన్నీ ఉజ్జాయింపే. పాలు విరిగాయా, దుప్పటి ముక్కిందా, చొక్కా పనికొస్తుందా... ఆ ఇంట్లో ముక్కులు అందరికీ ఉన్నా వాడేది ఆమెదొక్కటే. ఆయన మీద కోపమొచ్చిన రోజున ఎంత మాసిన చొక్కా అయినా ఆగాల్సిందే. ఆఫీసులో పక్కసీటాయన కుర్చీ దూరంగా జరుపుకున్నాడని చెబితే ఆమెకు నవ్వాపుకోలేక పొలమారింది.

పాలు పొంగిన రోజున ఆ నవ్వు పోయింది. పొంగు మంటను ఆర్పేసింది, గ్యాసు వస్తూనే ఉంది. ఆమె రెండో పొయ్యి వెలిగించబోతూ లైటరు చేతిలోకి తీసుకుంది. గదిలోంచి అత్తగారి కేక: "గ్యాసు కంపు! అమ్మాయ్, ముక్కెక్కడ పెట్టుకున్నావే?"

డాక్టరమ్మ ముక్కులో గొట్టం పెట్టి చూసింది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చాక చెప్పింది: "క్యాన్సర్ కాదమ్మా. పెద్దవాళ్లలో అరుదుగా వచ్చే గడ్డ. కానీ పెరిగేకొద్దీ పక్కనున్న ఎముకని తినేస్తుంది. కంటిదాకా వెళ్లకముందే తీయించుకోండి. వదిలేస్తే ఒక్కోసారి చెడ్డదిగానూ మారుతుంది."

ఆయనకు మొదటి మాటే వినపడింది. గుమ్మం దాటకముందే ఫోన్లో, "ఏం లేదమ్మా, ప్రమాదం లేదన్నారు!" అన్నాడు. ఆ మాట ఇంటిల్లిపాదికీ పెద్ద వెసులుబాటైంది. పాప పరీక్షలయ్యాక చూద్దామన్నాడు. తర్వాత, ఆఫీసులో ఆడిటయ్యాక. "నా మోకాలు కాస్త నయమవనీ అమ్మాయ్, నువ్వూ పడుకుంటే నాకెవరు చేస్తారు?" అంది అత్తగారు. అందరి పనులూ వరసలో నిలబడ్డాయి. గడ్డ ఆ వరస చివర నిలబడి, నిలబడ్డచోటే పెరుగుతోంది.

ఎవరూ చూడకుండా ఆమె అద్దం ముందు కాస్త గాలాడే వైపు రంధ్రం వేలితో మూసి గాలి పీల్చేది. గోడ. లోపలంతా గోడే. రుమాలు మీద సన్నటి ఎర్ర చార. కంటి కొస నొక్కి చూసుకునేది, నిన్న ఇంత ఉబ్బు ఉందా? ఎముకని తింటుంటే చప్పుడవుతుందా? తను వడ్డిస్తున్నప్పుడు కూడా అది తింటూనే ఉంటుందా? అందరికీ తిండి పెట్టే మనిషిని లోపల కూర్చుని ఒకటి తింటోందంటే నవ్వు రావాలి మరి. రాలేదు.

ఈ ఉదయం ఆయన మళ్లీ చొక్కా పట్టుకుని వంటింట్లోకొచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది. సిలిండరు నుంచి ఊడదీసిన రెగ్యులేటరు ఆమె చేతిలో ఉంది.

"కాఫీ ఏదీ?"

"ఆపరేషనయ్యేదాకా పొయ్యి వెలిగించనండీ. నాకు గ్యాసు వాసన తెలీదు. ఆ రోజు అత్తయ్య అరవకపోతే లైటరు నొక్కేసేదాన్ని."

"అదేంటి... ప్రమాదం లేదన్నారుగా!"

"నా ముక్కుకి లేదన్నారు మీరు. ఇంటికుంది."

ఆయన సిలిండరు వైపు చూశాడు. పాప నిద్రపోతున్న గది వైపు చూశాడు. చొక్కాతోనే నుదురు తుడుచుకుని, "డాక్టరు నంబరెక్కడుంది?" అన్నాడు.

"నిన్ననే ఫోన్ చేశాను. సోమవారం ఆసుపత్రిలో చేరమన్నారు. ఆ చొక్కా మాత్రం ఇక మీరే చూసుకోవాలి."

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో భయపడటం కూడా ఆమె ఒక్కదాని పనే. ఇవాళ మొదటిసారి ఆ పనికి ఇంకో మనిషి తోడొచ్చాడు.