బోటి కడుగుతున్న పుష్ప

నా పెయింటింగ్ మీద మా డాడీ గోల్డ్ ఎనామిల్ పూసిండు. గేట్లకు, గ్రిల్స్‌కు ఏస్తరు గదా, అదే. చెప్తుంటేనే ఒళ్లు మండుతున్నది నాకు.

నేను ట్వెల్త్. ఆదివారం పొద్దున స్కూల్ల పెయింటింగ్ పోర్ట్‌ఫోలియో ఇయ్యాలె. అందుల అన్నిటికన్న పెద్ద బొమ్మ మా అమ్మది. శుక్రవారం వచ్చిందంటే మా ఇంట్ల బోటి కూర, అదే మేక పేగుల కూర, ఉండాల్సిందే. పాత నైటీ మోకాళ్లదాక ఎగజెక్కి, సౌదిల మా అల్ ఖోబర్ ఫ్లాట్ల కిచెన్ గచ్చు మీద కాళ్లు బార్లజాపి, టబ్బుల చేతులు పెట్టి బోటి గీకుతున్న అమ్మను గీసిన. మా ఆర్ట్ టీచర్ అయేషా మేడం దాని ముందల చానాసేపు నిలవడ్డది. నాకు ఫైన్ ఆర్ట్స్‌ల సీటు వస్తే ఈ బొమ్మతోనే వస్తదన్నది. ఇది పోయిందంటే నా గతి బీకామే. అందుల ఎయ్యనీకి డాడీ ఎప్పటిసంది కాసుకోని కూసున్నడు.

గురువారం సాయంత్రం కడప హసీనా ఆంటీ వాళ్లు చాయ్‌కి వచ్చిండ్రు. ఆంటీ బొమ్మ చూసి నవ్వింది.

"ఏం జనార్దనన్నా, వదినెకు చీరలు కొనిచ్చేదే లేదా నువ్వు?"

ఉట్టి మజాక్. అమ్మ సుత నవ్వింది. డాడీ మొఖం మాత్రం మాడిపోయింది.

తెల్లారి నేను లేచేసరికి పని అయిపోయింది. డాడీ సూపర్‌వైజర్ కాకముందు పెయింటరే, చెయ్యి మంచిగనే తిరుగుతది. నైటీని పట్టుచీర జేసిండు. మెడల హారం, నడుముకు వడ్డాణం. బోటి టబ్బుల యాపిల్ పండ్లు పెట్టిండు.

"ఏం జేసినవ్ డాడీ ఇది?"

"మంచిగ జేసిన. రేపు నువ్వు దాన్ని వాట్సప్‌ల పెడ్తవు, ఊళ్లె అందరు చూస్తరు. సౌదిల ఉండి సుత పుష్ప పేగులు కడుగుతున్నదంటరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

మావోళ్ల సంగతి నాకు తెల్వదా. సౌది నుంచి ఊరికి ఫోటో పోవాలంటే ఎవని కారుకో ఆనుకోవాలె, ఎవని వాచీయో పెట్టుకోవాలె. పెళ్లికి ముందు డాడీ సుత గట్లనే దిగి పంపిండు. ఆ ఫోటో చూసే మా తాత అమ్మను ఇచ్చిండు.

"నీ ఇజ్జత్ కోసం నా బతుకు ఆగం జేసినవ్" అన్న. "ఇంక తడి ఆరలే, బంకబంకగున్నది. దీని మీద నా రంగు నిలుస్తదా? నీకు నేను బీకామ్ చదవాలె, గంతే గదా?"

"నోరు లేస్తున్నదే నీకు?"

"లేస్తది. నా బొమ్మ ముట్టుకుంటే లేస్తది."

ఇద్దరం ఒర్రుకుంటుంటే అమ్మ కిచెన్లకెల్లి వచ్చింది. చేతులు తడిగనే ఉన్నయి. బొమ్మ ముందల నిలవడి పైనుంచి కిందిదాక చూసింది.

"ఇది నైటీల కూసోబెట్టింది, నువ్వు చీర కట్టిచ్చినవ్" అన్నది. "ఒక్కలన్నా నన్ను అడిగిండ్రా?"



అమ్మ డాడీ దిక్కు తిరిగింది. "ఆ ఫోటోల కారు నీదే అనుకోని వచ్చిన. నీది కాదని వచ్చినంక ఎరుకైంది. ఒక్కనాడన్నా అడిగిన్నా నిన్ను? ఇయ్యాల నా ఒంటి మీద లేని బంగారం పెడ్తున్నవ్. నేను బోటి కడిగితే నీకు సిగ్గైతదా? మరి తినేటప్పుడు కాదా?"

డాడీ తల వంచుకున్నడు. నాకు కొద్దిగ సుత జాలి కలగలే.

"ఇంకో క్యాన్వాస్ ఉన్నదానే?" అన్నది అమ్మ నాతోని.

"ఉన్నది."

లోపలికి పోయింది. చీర కట్టుకోని వస్తదేమో అనుకున్న. అదే నైటీ మీద టబ్బు పట్టుకొచ్చి హాల్ నడుమ కూసున్నది. కాళ్లు బార్లజాపింది.

"మొన్న నా తల కిందికి వంచి గీసినవ్. ఈసారి వంచ."

గీసుడు షురూ జేసిన. కండ్లకాడికి వచ్చేసరికి చూసిన, అమ్మ నా దిక్కు చూస్తలేదు. గోర్లల్ల గోల్డ్ పెట్టుకోని తలుపుకాడ నిలవడ్డ డాడీని చూస్తున్నది. ఆయన అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు.

ఆ చూపే గీసిన.