మడ్గార్డు మీద బొబ్బలు

తన స్కూటర్‌ను చూస్తేనే ఐలన్నకు ఒళ్లు మండేది. ముగ్గురి చేతులు మారి వచ్చిన పాత బండి. ముందు మడ్గార్డు మీద నీలం రంగు పెచ్చులుగా లేచి, గజ్జి కుక్క వీపులా తయారైంది. ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం మంగళవారంకల్లా దానికి రంగు వేయాలి. ఆ రోజు సంగారెడ్డిలో ఊరి బోరు నీళ్ల మీద విచారణ. ఫ్యాక్టరీ వల్ల నీళ్లు పాడయ్యాయని ఊరంతా అంటుంటే, బాగానే ఉన్నాయని చెప్పడానికి ఒప్పుకున్న ఒకే ఒక్కడు ఐలన్న.

"గా ఒక్క మాట చెప్పు, నిన్ను పర్మినెంట్ చేయిస్త" అన్నాడు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ భీమశంకరం. "ఆ డొక్కు బండికి జెర రంగేసుకో. బిచ్చపోని లెక్క పోతే నీ మాట ఎవడింటడు?"

పదకొండేళ్లుగా అక్కడే కాంట్రాక్టు కూలీగా రసాయనాల డ్రమ్ములు దొర్లిస్తున్నవాడికి అంతకంటే తీపి మాట ఏముంటుంది! భార్య ముత్యమ్మ బోరు నీళ్లతో వండితే అన్నం పచ్చబడుతోందని మొత్తుకుంటే, "నీకన్నీ అనుమానాలే" అని కసిరేవాడు. చెప్పీ చెప్పీ విసిగిపోయి, నెల నుంచి ఆమె రెండు మైళ్లు నడిచి మంచినీళ్లు మోసుకొస్తోంది.

శనివారం పొద్దున్నే ఐలన్న పనిలో దిగాడు. పెచ్చులు గీకి, బోరు నీళ్లు పోస్తూ ఉప్పుకాగితంతో రుద్ది, కడిగి ఎండబెట్టాడు. అడుగున ఎర్ర ప్రైమర్, దాని మీద నీలం ఎనామెల్ రంగు. సాయంత్రానికి బండి కొత్త పెళ్లికొడుకులా మెరిసింది.

తెల్లారి చూస్తే మడ్గార్డు నిండా బొబ్బలు. ఒకదాన్ని గోటితో గిల్లాడు. లోపలి నుంచి పచ్చటి చెమ్మ కారింది. ఫ్యాక్టరీ వెనక మురికినీళ్ల మోరీ దగ్గర వచ్చే వాసనే.

పెయింట్ దుకాణం వాణ్ణి బూతులు తిట్టుకుంటూ లారీలకు రంగులు వేసే వెంకటేశం దగ్గరికి పోయాడు. వెంకటేశం ఒక్కటే అడిగాడు.

"ఏ నీళ్లతోటి కడిగినవే?"

"మా బోరు నీళ్లతోటే."

"థూ! ఆ నీళ్లతోటి కడిగితే ఇనుము మీద రంగు నిలుస్తదా? ఈ దిక్కున మేమెవ్వరం గవి ముట్టం. గీకి పారేసి, మంచినీళ్లతోటి కడిగి మళ్ల ఎయ్యి."

ఇంటికొచ్చి ఐలన్న ముత్యమ్మ బిందె ముందు నిలబడ్డాడు. ఆమే అడిగింది.

"బండికైతే మంచినీళ్లు గావాల్నా?"

ఆ మాట ఎదురుగా ఉన్న గోడకు చెప్పినట్టు చెప్పి, చెంబు నింపి చేతికిచ్చింది. మడ్గార్డు కుడి సగం గీకి కడిగేసరికే చెంబెడు నీళ్లు అయిపోయాయి. ఇంకో చెంబు అడగబోయి ఆగిపోయాడు. గడపలో కూర్చున్న పిల్లల కాళ్ల మీద పుండ్లు ఎన్నాళ్లుగా మానలేదో అప్పుడు లెక్క తెలిసింది. తన మీద తనకే రోత పుట్టింది. కుక్క కూడా మూతి పెట్టని నీళ్లను పిల్లలకు తాగించి, పైగా అవి మంచివని చెప్పడానికి బండికి రంగు పూసుకుని బయల్దేరాడు! కడిగిన సగానికే రంగేసి, మిగతా సగాన్ని బొబ్బలతో అలాగే వదిలేశాడు.

మంగళవారం సంగారెడ్డి ఆఫీసులో విచారణ జరిపే అధికారి అడిగాడు. "మీ ఊరి నీళ్లు ఎలా ఉన్నాయి?"

వెనక కుర్చీలోంచి భీమశంకరం గొంతు సవరించుకున్నాడు.

"సార్, నా బండి బయట ఉన్నది. జెర వచ్చి సూడుండ్రి."

అధికారి విసుక్కుంటూనే వచ్చాడు. మడ్గార్డు కుడి సగం నున్నగా మెరుస్తోంది. ఎడమ సగం బొబ్బలు. ఐలన్న ఒక బొబ్బను నొక్కాడు. పచ్చటి చెమ్మ జారింది. అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ దిక్కు మంచినీళ్లతోటి కడిగిన. ఆ దిక్కు మా బోరు నీళ్లతోటి."

"రేపటి సంది పనికి రాకు" అన్నాడు వాళ్ల వెనకే బయటికొచ్చిన భీమశంకరం పళ్లు నూరుతూ.

ఐలన్న వాడి ముఖం వంక చూడలేదు. అధికారితోనే చెప్పాడు.

"రుమాలు అడ్డం పెట్టుకున్నరు గద సార్. నా పిల్లలు అవే తాగిన్రు."