పచ్చగానే ఉన్న దీపం

మా ఆయన వగ్దీ రెండు డబ్బాలనూ భోజనాల బల్ల మీదే పెట్టాడు. అలెగ్జాండ్రియాలోని మా ఫ్లాట్‌లో అంత చోటున్న బల్ల అదొక్కటే. శుక్రవారం నమాజు నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోలేదు. ఇవతలి చివర నేను కూరకి ములుఖియా ఆకు దూస్తున్నాను.

అవి బురుల్లుస్ సరస్సు దగ్గర మా తమ్ముడు ఫతల్లా నడిపే చేపపిల్లల హేచరీలో వాడే రకం. తయారుచేసింది వగ్దీ కంపెనీయే. అక్కడ తొట్లకు గాలి కొట్టే యంత్రాలు రెండు. ఒకటి తిరుగుతుంటే రెండోది ఖాళీగా ఉంటుంది. ఒక్కోదాన్ని నడిపించడానికి ఒక డబ్బా. మొదటిది ఆగిపోతే రెండోది దానంతటదే మొదలుకావాలి, దీపం ఎర్రబడి కూత పెట్టాలి. పోయిన వారం మొదటిది డబ్బాతో సహా కాలిపోయింది. రెండోది కదల్లేదు. బుల్తీ చేపపిల్లలన్నీ చచ్చి తేలాయి.

ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్నది మా మరదలు ఇనాస్. నీళ్ళ పంపుల హోరులో గాలి యంత్రం ఆగినా వినపడదు, దీపాన్ని చూసే తెలుసుకోవాలి. దీపం పచ్చగానే ఉందని ఆమె చెప్పింది. ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఇప్పుడు కథలల్లుతోందని తమ్ముడన్నాడు. బావ చేసిన డబ్బా అబద్ధం చెప్పదట. ఇనాస్ బిడ్డనెత్తుకుని దెసూఖ్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయింది.

మిగిలిన డబ్బాను తెప్పించి, కాలినదాని బదులు కొత్తది కలిపాడు వగ్దీ. హేచరీలో ఉన్నట్టే వైర్లన్నీ తగిలించాడు. రెంటికీ పచ్చ దీపాలు వెలిగాయి. అప్పుడు మొదటిదాని కరెంటు పీకేశాడు.

రెండోది పచ్చగానే ఉంది.

"కాసేపు పడుతుందేమో," అన్నాను.

"ఇంతసేపు కాదు."

టీ చేసి తెచ్చాను. తాగాడు. ఇంకా పచ్చగానే ఉంది.

"ఎవరి మాట వింటోంది అది?"

"తన మాటే," అన్నాడు.

"అదేం చోద్యం?"

"ఒక్కో డబ్బా 'నేనున్నా, నేనున్నా' అని కేకేస్తుంటుంది. పక్కదాని కేక వినపడకపోతే అది ఆగిపోయిందని లెక్క. ఒకరి చెవిలో ఊదేది కాదది, గుంపంతటికీ వేసే కేక. గుంపులో తానూ ఉందిగా, తన కేక తనకీ వినిపిస్తుంది."

"తన గొంతు తను పోల్చుకోలేదా?"

"పోల్చుకునేలాగే రాశాను. కేక ఏ చిరునామా నుంచి వచ్చిందో చూడు, నీదే అయితే పారెయ్ అని. డబ్బాకి చిరునామా ఒకటే ఉంటుందనుకున్నా. మీ తమ్ముడు కాఫీ కొట్లో కూర్చుని ఫోన్లో చూసుకోడానికి వైఫై కూడా తగిలించాడు. దాంతో రెండో చిరునామా వచ్చింది. కేక ఒకదాని పేరుతో పోతోంది, ఇది రెండోదాంతో సరిపోలుస్తోంది. పక్కవాడు బతికే ఉన్నాడనుకుంటోంది."

"ఇప్పుడు మావాడి నెత్తిన రుద్దుతావా?"

"లేదు. వైఫైకి వీలు పెట్టింది నేనే. రాసిందీ నేనే."

నాకు ఏడుపు గానీ కోపం గానీ రాలేదు. ఆకు దూస్తూనే ఉన్నాను.

"ఫోన్ చెయ్," అన్నాను.

"ముందు సరిచేసి..."

"దీపం పచ్చగా ఉందని చెప్పడానికి సరిచెయ్యక్కర్లేదు. ముందు ఇనాస్‌కి చెయ్."

స్పీకర్ పెట్టి చేశాడు.

"ఇనాస్, నేను, వగ్దీని. దీపం పచ్చగానే ఉందమ్మా. తప్పు నాది. ఇక్కడ బల్ల మీద పెట్టి చూశాను."

అవతల గిన్నెల చప్పుడు.

"తెలుసన్నయ్యా. నేనక్కడే ఉన్నాగా."

"ఫతల్లాకి ఇప్పుడే చెప్తాను."

"చెప్పండి. డబ్బా చెప్తే వింటాడు." అని, "వదినా, ఉన్నావా?" అంది.

"ఉన్నా. ములుఖియా దూస్తున్నా."

"అమ్మ నిన్న కుందేలు మాంసంతో వండింది. ఉప్పు ఎక్కువైంది."

"వస్తావా మరి?"

"ఏమో వదినా. పెళ్ళాం మాట నమ్మడానికి ఆయనకి బల్ల మీద పరీక్ష కావాలి. ప్రతిసారీ అన్నయ్యకి తీరికెక్కడిది?"

ఆమె నవ్విందో, గాలి వదిలిందో తెలియలేదు. బిడ్డ ఏడుస్తోందని పెట్టేసింది.

తర్వాత వగ్దీ తమ్ముడికి చేసి చెప్పాడు. వాడు అంతా విన్నాడు. "అయితే డబ్బా బాగుచేసి పంపు బావా," అన్నాడు.

"మరి ఇనాస్ సంగతేంట్రా?" నేనడిగాను.

"వస్తుందిలే అక్కా. ఎక్కడికి పోతుంది?"

"నువ్వెళ్ళి అడుగు. తప్పు నీదేనని ఒప్పుకుని అడుగు."

"చూద్దాంలే," అన్నాడు.

దూసిన కాడలు కాగితంలో చుట్టి పారేశాను. వగ్దీ లాప్‌టాప్ తెరిచాడు. ఇకమీదట ప్రతి డబ్బా ఆన్ కాగానే తనకంటూ పెద్ద అంకె ఒకటి ఎంచుకుంటుందట. ప్రతి కేకలోనూ అది కలుపుతుంది. అదే అంకెతో కేక తిరిగొస్తే, ఏ చిరునామా నుంచి వచ్చినా సరే, అది తనదే, పారేస్తుంది. నేను ఊఁ కొట్టాను.

అన్నం ఉడికేలోపు అది పూర్తయింది. మళ్ళీ మొదటి డబ్బా కరెంటు పీకాడు. రెండోది కాసేపు పచ్చగా ఉండి, ఎర్రబడి, కూత పెట్టింది.

ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అది కూస్తూనే ఉంది. ఆపడానికి ఎవరమూ లేవలేదు.