బంగ్లాదేశ్ వారం

సూర్యకళది ఒకటే సూత్రం. పిల్ల ముందు, టీచర్ వెనక. ఏం నేర్చుకోవాలో పిల్లలే చెప్పాలి. పెద్దవాళ్లను అడిగితే ఏబీసీడీలంటారు కాబట్టి వాళ్లను అడగడమే మానేసింది. రోజూ రుషికొండ నుంచి స్కూటీ మీద ఫిషింగ్ హార్బర్ పక్కనున్న తన చిన్న బడికి వచ్చేది. ఈ పద్ధతంటే ఆమెకు కాస్త గర్వం కూడాను.

ప్రపంచ దేశాల పాఠం మొదలుపెట్టి, "ఏ దేశం వెళ్దాం?" అని అడిగితే ఐదేళ్ల దుర్గ చెయ్యెత్తింది.

"బంగ్లాదేశ్! మా నాన్న అక్కడే ఉన్నాడు. గాలికి బోటు కొట్టుకుపోతే ఆల్లు పట్టుకున్నారు."

ఇంకేం, సూర్యకళ ఎగిరి గంతేసింది. వారం రోజులు బడంతా బంగ్లాదేశే. అక్కడి చీరకట్టు కట్టారు, అన్నంలో చేపల పులుసు కలుపుకుని "మనలాగే టీచర్!" అని ఆశ్చర్యపోయారు, బెంగాలీలో పలకరింపులు నేర్చుకున్నారు. మిగతా పిల్లలు మధ్యాహ్నానికే మరిచిపోయినా, దుర్గ మాత్రం గోడకేసి తిరిగి అవే వల్లించేది.

శనివారం తల్లులు వచ్చారు. దుర్గ తల్లి చిట్టమ్మ చేపల తట్ట దించీ దించకముందే పిల్ల కుచ్చిళ్లు పట్టుకుంది.

"అమ్మా, నాకు ఆల్ల బాస వచ్చీసింది. నన్ను తీసుకెల్లు. నాను అడిగితే నాన్నని ఒగ్గేత్తారు."

చిట్టమ్మ పిల్ల చేతులు విడిపించింది. సూర్యకళను బయటికి పిలిచింది.

"ఏటి బంగ్లాదేశ్ టీచరమ్మా? మా ఆయన పోయి తొమ్మిది నెల్లయింది. బోటు మునిగిపోనాది. పిల్ల అన్నం ముట్టకపోతే ఏదో ఒకటి సెప్పాను. నన్నొక్క మాట అడగొచ్చు కదా?"

నిజమే, సూర్యకళ అడగలేదు. హార్బరంతా ఎరిగిన సంగతి ఆమె ఒక్కతే ఎరగదు. ఏడుపు ఆపడానికి తల్లి చెప్పిన ఒక్క అబద్ధానికి తను చీర కట్టి, పులుసు పెట్టి, భాష నేర్పి, ఏకంగా దేశాన్నే నిలబెట్టింది. తన తెలివికి తనకే అసహ్యం వేసింది.

"ఇప్పుడు నా నోటంట రాదు," అంది చిట్టమ్మ. "పిల్లని అక్కడికి మీరే తీసుకెల్లారు. మీరే తీసుకురండి."

సూర్యకళ లోపలికి వెళ్లి దుర్గను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నెమ్మదిగా చెప్పింది. నాన్న బంగ్లాదేశ్‌లో లేడు. ఏ దేశంలోనూ లేడు. సముద్రంలో చనిపోయాడు, ఇక రాడు.

దుర్గ ఏడవలేదు. బయట కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డ తల్లి వైపు చాలాసేపు చూసింది. తర్వాత టీచర్ చెవి దగ్గరకు వచ్చి గుసగుసగా అంది.

"మా అమ్మకి సెప్పకండి టీచర్. బంగ్లాదేశ్‌లో ఉన్నాడనే అనుకుంతంది, పాపం."